కలం ముట్టుకోకూడదు

కాలేజీ రైటింగ్ సెంటర్లో మొదటి రూలు అది. ట్యూటర్ కలం ముట్టుకోకూడదు. రాసుకొచ్చినవాళ్ళే పైకి చదవాలి, ట్యూటర్ ప్రశ్నలు వేయాలి, దిద్దుకోవడం వాళ్ళ పని. "కాస్త నువ్వే రాసిపెట్టేయక్కా" అని కాళ్ళావేళ్ళా పడేవాళ్ళు రోజుకి నలుగురైనా ఉంటారు. అయినా అక్కడ ట్యూటర్‌గా ఉన్న ఫైనలియర్ అమ్మాయి రెండేళ్ళలో ఒక్కసారి కూడా వాళ్ళ కలం పట్టలేదు. జూనియర్లు ఆమెకి 'ప్రశ్నలక్క' అని పేరు పెట్టేశారు.

ఆ రోజు వచ్చినవాడు సెకండియర్ కుర్రాడు. మోచేతికి కట్టు, జేబులో నాలుగు మడతల కాగితం.

"బండితో గుద్దేశానక్కా. లైబ్రరీ గేటు దగ్గర, పోయిన నెల. ఒక పెద్దాయన చనిపోయారు. వాళ్ళింటికి క్షమాపణ ఉత్తరం రాయమన్నారు ప్రిన్సిపాల్. రెండుసార్లు రాస్తే తిప్పికొట్టారు. రేపటికి సరిగ్గా లేకపోతే నన్ను పరీక్షలు రాయనివ్వరు."

ప్రశ్నలక్క ముందున్న ఫారం నింపింది. 'ఈ విద్యార్థి మీకు పరిచయమా?' అన్నచోట 'కాదు' అని టిక్కు పెట్టింది. నిజమే, వాడి మొహం చూడటం ఆమెకి అదే మొదటిసారి.

"చదువు."

"'దురదృష్టవశాత్తూ జరిగిన ప్రమాదానికి చింతిస్తున్నాను. ఆ రోజు వాన వల్ల రోడ్డు జారుడుగా ఉంది. వెలుతురు కూడా లేదు...'"

"ఆ రోజు వాన పడిందా?"

కుర్రాడు నీళ్ళు నమిలాడు. "ముందురోజు పడిందక్కా."

"వెలుతురు?"

"సాయంత్రం... నాలుగున్నర."

"మరి?"

"ఫోన్ చూసుకుంటున్నాను."

"కాగితంలో అది లేదే?"

కుర్రాడు తలవంచుకుని రాసుకున్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. ఆ కాగితం లాక్కుని ముక్కలు చేసి మొహాన కొట్టాలనిపించింది. రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని కూర్చుంది.

అటుగా వెళ్తున్న సెంటర్ మేడమ్ ఆగింది. "మొహం అలా పీక్కుపోయిందేంటి? ఇది నేను చూస్తాలే, నువ్వు ఇంటికెళ్ళు."

"పర్లేదు మేడమ్. నేనే చూస్తాను."

మేడమ్ వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టింది. "గుద్దాక ఏం చేశావు?"

"పారిపోలేదక్కా. ఒట్టు. ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. కళ్ళజోడు వెతికిపెట్టు బాబూ అన్నారు. వెతికిచ్చాను. ఒక అద్దం పగిలిపోయింది."

"కళ్ళజోడు అడిగారా?" ఆమె గ్లాసెడు మంచినీళ్ళు గటగటా తాగింది. "ఇంకేం అన్నారు?"

ఆ ప్రశ్నతో ఉత్తరానికి పనేమిటో కుర్రాడికి అర్థం కాలేదు. కానీ చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు. "రాయి" అంది.

గంటన్నర గడిచేసరికి వానా పోయింది, చీకటీ పోయింది. ఉన్నదున్నట్టు మిగిలింది. కుర్రాడు ముక్కు తుడుచుకుని ఆఖరిసారి పైకి చదివాడు. చివర్లో కొత్త వాక్యం ఒకటి చేరింది.

"'అంబులెన్స్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆయన నొప్పి, నొప్పి అని ఏడుస్తూనే ఉన్నారు.'"

ప్రశ్నలక్క చెయ్యి బల్ల కిందనుంచి పైకి వచ్చింది. వాడి వేళ్ళ మధ్యనుంచి కలం లాక్కుంది. ఆ చివరి వాక్యాన్ని ఒక్క అక్షరం కూడా కనపడకుండా కొట్టేసింది.

కుర్రాడు తెల్లబోయాడు. "అది నిజం కదక్కా! దాచకుండా రాయమంది నువ్వే కదా?"

"ఈ ఉత్తరం ఎవరు చదువుతారు?"

"వాళ్ళావిడ."

"అయితే ఇది వద్దు."

కుర్రాడు సంచిలోంచి ఇంకో కలం తీసి, అక్కడే కూర్చుని అంతా శుభ్రంగా తిరగరాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ఆవిడ నన్ను క్షమిస్తారంటావా అక్కా?"

ప్రశ్నలక్క తన చేతిలోకి చూసుకుంది. వాడి కలం ఇంకా తన దగ్గరే ఉందని అప్పుడు గమనించి, తిరిగి ఇచ్చేసింది.

నాలుగోరోజు పొద్దున్న అమ్మ ఒక కవరు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "మీ నాన్న పోయిన దగ్గర్నుంచి నాకు అక్షరాలు ఆనట్లేదు, ఎవరు రాశారో కాస్త పైకి చదివిపెట్టవే" అంది.