ఎలుగుబంటి పేరుతో పానకం కొట్టు

ఆ అడవిలో ఎలుగుబంటి చేసే తేనె పానకానికి గొప్ప పేరు. గింజలు చెల్లిస్తే ఎవరైనా తన పేరుతో కొట్టు పెట్టుకోవచ్చని అది చాటించింది. వానాకాలానికి దాచిన గింజలన్నీ ఇచ్చి ఆ పేరు కొనాలని ఉడుత ఆశపడింది. ముందు ఏటి అవతల అదే పేరుతో కొట్టు నడుపుతున్న ముళ్లపందిని కలిసింది.

"పేరు చూసి జనం వస్తారమ్మా" అంది ముళ్లపంది. "కానీ తేనె ఎలుగు దగ్గరే కొనాలి. రాబడిలో వాటా ఇవ్వాలి. చిటికెడు అల్లం కలిపినా ఊరుకోదు. బేరాల్లేని రోజు నష్టం మాత్రం మనదే."

ఉడుత దిగులుగా అడిగింది. "అయితే మానుకోమంటావా అక్కా?"

"లేదు. నేను అడగకుండా దిగాను. నువ్వు అన్నీ అడిగి దిగు."

ఉడుత కొన్నాళ్లు ఆ కొట్లోనే పనిచేసి, ఎలుగు పేరుతో పెట్టిన కొట్లు చాలా మూతపడ్డాయని తెలుసుకుని, ఎలుగు దగ్గరికి వెళ్లింది.

"మామా, నా కొట్టు దరిదాపుల్లో ఇంకొకరికి నీ పేరు ఇవ్వకూడదు. ఇప్పుడు సగం గింజలే ఇస్తాను. మిగతావి వానల్లో నా పిల్లల తిండికి. ఆ బాకీ బేరాలు సాగాక తీరుస్తాను."

"ఇలా ఎవరూ అడగలేదే!" అని ఎలుగు గుర్రుమంది.

"అడగనివాళ్ల కొట్లు ఎన్ని మిగిలాయి మామా?"

ఎలుగు తల గోక్కుని, చివరికి సరేనంది.

వానలకు బేరాలు పడిపోయినా, మిగుల్చుకున్న గింజలతో ఇల్లు గడవడంతో ఉడుత కొట్టు మూతపడలేదు. ఎండ కాసిన తొలిరోజే కుందేళ్లు పిల్లాపాపలతో దిగాయి. ఉడుత నవ్వుతూ రెండో కుండ పానకం కూడా కలిపింది.