చేపలకు చెమట పట్టదు

"అయ్యో, అది విప్పకండి సార్! ఇస్త్రీ బల్లకి ఉన్న గాలి అదొక్కటే!"

కుట్టు షెడ్డు ఓనరు వినిపించుకోలేదు. స్టూలెక్కి గోడ ఫ్యాను మరలు విప్పుతున్నాడు. బతిమాలుతూనే ఇస్త్రీ అమ్మాయి పెట్టె నిలబెట్టి, కడుపు మీద చెయ్యేసుకుని చూస్తోంది. ఆరో నెల. మొన్న ఇదే బల్ల దగ్గర కళ్ళు తిరిగి పడింది. మళ్ళీ వేడికి పడితే బిడ్డకే ముప్పు, పని మానెయ్యాల్సిందేనని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పని మానితే ఇంట్లో పొయ్యి వెలగదు.

"చేపలు చచ్చిపోయేలా ఉన్నాయమ్మాయ్," అన్నాడు ఓనరు ఫ్యానుతో కిందికి దిగుతూ. "అద్దాల తొట్టిలో నీళ్ళు కాగిపోతున్నాయి. పాపం, నోళ్ళు తెరుచుకుని పైకొచ్చేస్తున్నాయి."

"మేమూ నోళ్ళు తెరుచుకునే ఉన్నాం సార్."

కుట్టుమిషన్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఓనరు నవ్వలేదు. చేపల మాటొస్తే ఆయనకి హాస్యం రుచించదు.

"మనిషికి దేవుడు చెమటిచ్చాడు. అది ఆరితే ఒళ్ళు చల్లబడుతుంది. చేపకిచ్చాడా? అందుకని నీళ్ళకే చెమట పట్టించాలి. మూత తీసి పైన గాలి ఆడిస్తే, నీళ్ళు కొంచెం కొంచెం ఆవిరైపోతూ వేడిని లాక్కుపోతాయి. తెలిసిందా?"

తెలిసింది. చెమట పట్టేవాళ్ళకి గాలి దండగని బాగానే తెలిసింది.

ఫ్యాను తొట్టి పక్క గోడకెక్కి, నీళ్ళ మీదికి తల వంచింది. ఇస్త్రీ అమ్మాయికి ఏడుపొచ్చేసింది. ముసలి కటింగ్ మాస్టరు కత్తెర పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"ఏడవకు తల్లీ. నీళ్ళ మీంచి పోయిన గాలి ఎక్కడికి పోతుంది? తొట్టి అవతలికేగా! నీ బల్ల అక్కడ వేయించుకో."

"ఒప్పుకుంటాడా బాబాయ్?"

"గాలి కోసమంటే చస్తే ఒప్పుకోడు. చేపలంటే ప్రాణమని చెప్పు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది."

ఆమె కళ్ళు తుడుచుకుని ఓనరు దగ్గరికి వెళ్ళింది.

"సార్, నీళ్ళు ఆవిరవుతుంటే తొట్టి తరిగిపోదూ? నా బల్ల పక్కనే వేస్తే నేను పోస్తుంటాను. ఆ చేపలు నాకు సొంత పిల్లల్లాంటివి సార్. నేను కనపడితే చాలు, అద్దం దగ్గరికొచ్చేస్తాయి."

ఓనరు మొహం చాటంతయింది. "ఈ మాట ముందే చెప్పొద్దూ!" అంటూ తనే బల్లకి ఓ పక్క చెయ్యేశాడు. పాత చోటు ఖాళీ అయిందే తడవు, అక్కడ గుడ్డల మూటలు పేర్చేశారు.

గాలి నిజంగానే వచ్చింది. తడితడిగా, కాస్త నీచు వాసనేస్తూ వచ్చింది. అయితేనేం, చల్లగా వచ్చింది. ఎండలు ముదిరినా ఆమెకి మళ్ళీ కళ్ళు తిరగలేదు. తరిగినప్పుడల్లా తొట్టిలో బకెట్టుతో నీళ్ళు పోసేది. ఓనరు అటుగా వస్తే, "తిన్నార్రా నా తండ్రులూ!" అని గట్టిగా అనేది. ఆయన వెళ్ళాక మాస్టరూ తనూ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు.

ఓ మధ్యాహ్నం ఓనరు పెద్ద అట్టపెట్టె మోయించుకొచ్చాడు.

"నీ కోసమే అమ్మాయ్! ఒట్టి మనిషివి కూడా కాదు, బకెట్లు మోస్తుంటే చూడలేకపోయాను. ఇది నీళ్ళని చల్లబరిచే మిషను. ఇంక మూత వేసేయొచ్చు, నువ్వు నీళ్ళు పొయ్యక్కర్లేదు. ఫ్యానుతో కూడా పని లేదు. ఒరేయ్, దాన్ని తీసి నా గదిలో బిగించండి!"

మిషను తొట్టి పక్కన కూర్చుని గుర్రుమంది. కాసేపటికి చేపలు హాయిగా అడుక్కి దిగాయి. ఆపైన మిషను వెనక జల్లెడలోంచి వేడిగాలి బయల్దేరి, తిన్నగా వచ్చి ఆమె కడుపుకి తగిలింది. ముందు ఇస్త్రీ పెట్టె, పక్కన ఇది.

"పెనం మీంచి పొయ్యిలో పడ్డావు తల్లీ," అని గొణిగి మాస్టరు తల దించుకున్నాడు.

"సార్... బల్ల ఇంకెక్కడికైనా జరుపుకుంటాను," అంది ఆమె, బల్ల అంచు పట్టుకుని. "ఆ మిషనులోంచి వేడి కొడుతోంది. తట్టుకోలేను సార్."

"భలేదానివే, నువ్వు కనపడకపోతే అవి బెంగపెట్టుకోవూ?" ఓనరు జేబురుమాలుతో అద్దం తుడుస్తూ ముద్దుగా నవ్వాడు. "అయినా అది పరాయి వేడా అమ్మాయ్? నీ పిల్లల నీళ్ళలోంచి తీసిందేగా! కన్నతల్లివి, నువ్వు భరించకపోతే ఎవరు భరిస్తారు?"