వదలని మోత

తిరుత్తణిలో కావడి ఊరేగింపు సాయంత్రమే. దానికి పెట్టాల్సిన మైక్‌సెట్టు మాత్రం ఏళుమలైకి గుయ్‌మంటూనే వినబడుతోంది.

జాక్ పిన్నులను రబ్బరుతో రుద్దాడు. సాకెట్లలో పట్టిన పచ్చటి చిలుమును స్పిరిట్‌తో కడిగాడు. మళ్లీ పట్టకుండా పలచగా నూనె పూశాడు. నాలుగోసారి స్విచ్చి వేసి, కళ్లు మూసుకుని స్పీకరుకు చెవి ఆనించాడు.

"ఈ మోత ఇంగా పోలా! మురుగా, ఈ ఒక్క దినం కాపాడప్పా. ముప్పై ఏండ్ల పేరు పోతాది."

పక్కనే ఉన్న కూతురు దేవసేన ఆయన ముఖంలోకే చూస్తోంది.

"ఇంత మోత నీకు వినపళ్ళేదా మే?" అని అరిచాడు.

దేవసేన ఏడుపు ఆపుకుంటూ చేయి చాపింది. అందులో మైక్‌సెట్టు ప్లగ్గు ఉంది.

"దీన్ని పీకేసి శానా సేపాయె నాయినా."