ఖాళీ ఉంచిన మూల

"బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందమ్మా. ఇక నొప్పుల కోసం ఆగలేం" అంది డాక్టరు.

ఆమె మామూలు పరీక్షకే వచ్చింది. గడువు ఇంకా ఉంది. పొద్దున బిడ్డ బాగానే కదిలింది కూడా.

"ఒకసారి ఆ గ్రాఫు చూపిస్తారా?"

"చూస్తూ కూర్చునే టైం కాదు. అయినా నువ్వు సరే అంటేనే చేస్తాను. నీ ఇష్టం."

భర్త ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నువ్వు ఎలా అంటే అలా అన్నట్టు చూశాడు. ఆమె సరే అంది.

మందుల షాపులో పనిచేసే మనిషి. డబ్బాలో మడిచిపెట్టిన కాగితం చివరి అక్షరం దాకా చదవనిదే కొత్త మందు అమ్మదు. అందుకే ఇంట్లో ఆమె పేరు లాయరమ్మ. నెల తప్పిన రోజు నుంచీ కాన్పు గురించి అడగాల్సినవన్నీ అడిగింది. ఎప్పుడు ఆపరేషన్ తప్పదు, ఎప్పుడు ఆగొచ్చు, నొప్పికి ఏ మందు ఇస్తారు, అది బిడ్డకేం చేస్తుంది. భర్తను కూడా కాబోయే తల్లిదండ్రుల క్లాసులకు లాక్కెళ్ళింది.

అత్తగారితో పేచీ తప్పదనుకుంది. అదేమీ రాలేదు.

"నీ ఒళ్ళు, నీ కాన్పు. మధ్యలో నేనెవర్ని?" అంది అత్తగారు. తన చిన్ననాటి స్నేహితురాలైన ఆ డాక్టరుతోనూ ఆ మాటే చెప్పింది. "మా లాయరమ్మ అడిగినవన్నీ చెప్పవే. లేదంటే నిన్ను బోనెక్కిస్తుంది."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఇలాంటి అత్తగారు ఎవరికి దొరుకుతుందని ఆమె షాపులో గొప్పగా చెప్పుకుంది.

ఆ ఇంట్లో పుట్టే ప్రతి బిడ్డకూ ఒక చిన్న దుప్పటి ఉంటుంది. మూలన పుట్టిన తేదీ దారంతో కుడతారు. నిరుడు పోయిన మామగారిది ఇప్పటికీ అత్తగారి తలగడ కింద ఉంది. ఈ బిడ్డ దుప్పటిని కూడా ఆవిడే నెలల తరబడి కూర్చుని కుట్టింది.

"మూల మాత్రం ఖాళీగా ఉంచాను. పుట్టాక కుడతాను" అంటూ పోయిన నెల దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచి ఇచ్చింది.

బిడ్డ బట్టలకు దుమ్ము తగలనివ్వొద్దని క్లాసులో చెప్పారు. ఆమె మడత విప్పకుండా దుప్పటిని కవర్లో పెట్టి, టేపు అంటించి, షాపు అలవాటు కొద్దీ దానిమీద సంతకం కూడా చేసి ఆసుపత్రి సంచిలో సర్దింది. ఎందుకైనా మంచిదని ఈ పొద్దున భర్త ఆ సంచిని కార్లో పెట్టాడు.

ఆపరేషన్ అయ్యాక ఆమెను గదిలోకి తెచ్చారు.

"ఏ రోజు పుట్టిందో చూశావా? ఇవాళ నాన్న పుట్టినరోజు" అన్నాడు భర్త. అత్తగారు మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు ఒత్తుకుంది.

ఆమెకు ఏడుపు రాలేదు. తన ఒళ్ళే తనను మోసం చేసిందనిపించింది. ఇన్నాళ్ళూ దాన్ని నమ్ముకుంటే సరిగ్గా అవసరానికి చేతులెత్తేసింది.

"నావల్ల కాలేదు అత్తయ్యా."

"అదేం మాట? నువ్వు సరే అన్నాకే కదా చేశారు." అత్తగారు ఆమె జుట్టు సవరించింది.

నర్సు సంచిలోంచి కవరు తీసింది.

"ఇటివ్వమ్మా, నేను చుడతాను." అత్తగారు గబుక్కున లేచి చెయ్యి చాచింది.

"మీరు కూర్చోండి పెద్దమ్మా. మాకిది రోజూ ఉండేదే."

టేపు మీద ఆమె సంతకం చెక్కు చెదరలేదు. నర్సు దాన్ని కత్తెరతో నిలువునా కత్తిరించింది. దుప్పటి మడత విప్పి, పాపను చుట్టి, తల్లి పక్కన పడుకోబెట్టింది.

పాప గడ్డం కింద, దుప్పటి మూలన, నీలి దారంతో కుట్టిన ఇవాళ్టి తేదీ, నెల, సంవత్సరంతో సహా ఉంది.