ఏడింటి ఫోన్

కికునో మంచు చెప్పులు కట్టుకుని అరగంట కొండెక్కి, కొలత కంబం ముందు నిలబడింది. మంచు నలభై రెండు సెంటీమీటర్ల గీత దగ్గరే ఆగిపోయింది. జనవరి సగం గడిచాక కూడా ఇంతే. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో ఈపాటికి కంబం కొస మాత్రమే కనబడేది.

కిందికి దిగి, టికెట్ల గదిలో స్టవ్ వెలిగించి, ఫోన్ యంత్రంలో మాట రికార్డు చేసే మీట నొక్కింది. గొంతు సవరించుకుంది.

"హినోసావా స్కీ మైదానం. ఈ ఉదయం కొండ పైన మంచు నూట నలభై సెంటీమీటర్లు. పొడిమంచు, భలేగా ఉంది. మెడకి ఏదైనా చుట్టుకోండి."

అబద్ధం. అదీ ఇంతా అంతా కాదు, దాదాపు మీటరు అబద్ధం.

ఎవరికోసమయ్యా అంటే, ఒక్క మనిషి కోసం. మైదానం నంబరుకి ఫోన్ చేస్తే ఆ రోజు మంచెంతో ఆమె గొంతు చెబుతుంది. ఒకప్పుడు శనివారాల్లో రెండొందల మంది చేసేవాళ్ళు. పదకొండేళ్ళ కిందట జనాన్ని కొండ పైకి చేర్చే లిఫ్టు ఆగిపోయింది. ఇప్పుడు కింద పిల్లల వాలు ఒక్కటే నడుస్తోంది, పైన మంచెంతో అడిగే దిక్కు లేదు. కానీ యంత్రంలో రోజూ ఒక్క ఫోన్ మాత్రం పడుతుంది. పొద్దున్న ఏడింటికి. తుపానొచ్చినా, మైదానం మూసినా, ఏడింటికి ఒకటి.

ఆ ఫోన్ చేసేది నేనేనంటూ ఎవరూ ఏనాడూ టికెట్టు కోసం రాలేదు. మంచాన పడ్డవాడై ఉంటాడని కికునో తేల్చుకుంది. ఒకప్పుడు ఇక్కడ స్కీల మీద జారినవాడే, పాపం. రాలేనివాడికి నిజం చెప్పి ఏం లాభం? మొదట ఐదు సెంటీమీటర్లు కలిపింది. ఏటేటా మంచు తగ్గేకొద్దీ కలిపేది పెరిగింది. భర్త పోయాక ఆమె పొద్దున్నే పలకరించేది ఆ ఒక్క మనిషినే. అతను కూడా లేకపోతే ఏమైపోతానో అని ఆమెకి భయం.

ఆ భయంతోనే ఆదివారం ఊరి సమావేశానికి వెళ్ళింది. తేల్చాల్సింది ఒక్కటే. ఊరి ఉమ్మడి దేవదారు అడవి అమ్మేసి పైకి కొత్త లిఫ్టు వేయాలా, లేక మైదానమే మూసేయాలా? మూసేస్తే ఆ ఫోనూ పోతుంది.

మంగలి నిహెయ్ ముందే అందుకున్నాడు. "మా పెరట్లో గడ్డి పచ్చగా కనబడుతోంది. లిఫ్టు వేసుకుని గడ్డి మీద జారతామా?"

అందరూ నవ్వారు. ఊరి ఆఫీసులో పనిచేసే తొగాషి నవ్వలేదు. గోడకి పెద్ద కాగితం అంటించాడు. చుట్టుపక్కల నాలుగు కొండల మీద మంచు సగానికి పడిపోయిందని, వాటి గీతలన్నీ కిందికి దిగుతున్నాయని చూపించాడు. హినోసావా గీత ఒక్కటే తిన్నగా ఉంది. ఇంకో ముప్పై ఏళ్ళు మనకి ఢోకా లేదని, పక్క కొండలు మూతపడితే అక్కడి జనమంతా ఇక్కడికే వస్తారని చెప్పాడు. పెరడు పెరడే, కొండ కొండే అని నిహెయ్‌కి చురక కూడా వేశాడు.

కికునో మనసు కుదుటపడింది. ఆఫీసువాళ్ళకి పెద్ద పెద్ద యంత్రాలుంటాయి, అవి తప్పు చెప్పవు, తన కంబమే మంచు నిలవని చోట ఉందేమో అనుకుంది. చేతులు లేచాయి. ఆమె చెయ్యి కూడా లేచింది. అడవి అమ్మకం ఖాయమైపోయింది.

జనం గుమ్మం దగ్గర బూట్లు వెతుక్కుంటుండగా ఆమె తొగాషి దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఆ మంచు ఫోన్ మాత్రం తీసెయ్యకండి. రోజూ ఒకరు వింటారు. పాపం, ఎవరో లేవలేనివాళ్ళు."

తొగాషి ఆమెకి వినయంగా తల వంచాడు.

"తీసెయ్యడమేంటి పెద్దమ్మా, పదకొండేళ్ళుగా రోజూ ఏడింటికి ఫోన్ చేసి, మీరు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటేనే కదా నాకు ఆ గీత వచ్చింది."