ఆఖరి బెంచీ వెనక

"నా పేరు కొట్టేయండి, ఫాదర్."

చెన్నకేశవులు కాగితం తిరిగి ఇచ్చేశాడు. కొత్త చర్చి గోడలో పెట్టే శిలాఫలకం మీద చెక్కించాల్సిన పేర్లవి. అందరికంటే పైన తన పేరే ఉంది.

"అదేంటి కేశవ్‌జీ? స్థలం కోసం అర్జీలన్నీ రాసిందెవరు? హిందువై ఉండి కూడా ఈ విచారణకు మీరు చేసినంత మావాళ్ళే చెయ్యలేదు," అన్నాడు ఫాదర్ లూకోస్. ఆయనది కేరళ, ఈయనది గుంటూరు జిల్లా. ఇద్దరినీ కలిపింది హిందీ.

విచారణ అంటే కోర్టుల్లో జరిగేది కాదు. ఒక ఫాదర్ చూసుకునే కతోలిక కుటుంబాలన్నీ కలిపి ఒక విచారణ. డెబ్బై తొమ్మిదిలో, దేశ రాజధాని శివార్లలో యమున అవతల అది పదకొండు కుటుంబాలు, ఒక షామియానా. ఆదివారం దాని కింద పూజ, సోమవారం నుంచి బడి. పలకలు పట్టుకుని వచ్చింది ఏడుగురు పిల్లలు. వాళ్ళలో చెన్నకేశవులు కూతురు అరుంధతి ఒకతి. గాలిదుమారం లేచిందంటే టీచరుతో సహా అందరూ గుంజలు పట్టుకుని వేలాడేవారు. ఎనభై ఏడు వచ్చేసరికి బడికి మూడంతస్తులు, అడ్మిషన్ల రోజున వీధి చివరిదాకా క్యూ. అశోకా రోడ్‌లోని ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా కాబట్టి ఏ ఫైలు ఏ బల్ల మీద నిద్రపోతుందో చెన్నకేశవులుకు తెలుసు. ఒక్కొక్కదాన్నీ లేపి నడిపించాడు.

ఇంత చేసినవాడు పూజలో మాత్రం ఆఖరి బెంచీ వెనకే నిలబడేవాడు. జ్ఞానస్నానంతో మతంలో చేరినవాళ్ళకే ఇచ్చే సత్ప్రసాదం అందుకోవడానికి అందరూ వరసకట్టి వెళుతుంటే, ఆకలిగొన్నవాడు విస్తరిని చూసినట్టు చూసేవాడు. వెళ్ళాలనే ఉండేది. కాళ్ళు కదిలేవి కావు.

ఒకసారి అరుంధతి బళ్ళో నేర్పిన ప్రార్థన అప్పజెబుతూ మధ్యలో తడుముకుంటే, తర్వాతి ముక్క ఆయనే అందించాడు.

"నీకెలా వచ్చు నాన్నా?"

"వినీ వినీ వచ్చేసిందమ్మా."

ఆయన భయమల్లా ఆఫీసు గురించే. కిందటి నెల పై అధికారి శేషగిరి పిలిచి మరీ చెప్పాడు.

"ఏమయ్యా, ఆదివారాలు చర్చిలో కనిపిస్తున్నావట! నీది ఎస్సీ రిజర్వేషన్‌లో వచ్చిన ఉద్యోగం. సర్టిఫికెట్‌లో హిందూ అని ఉంది. ఆ మతంలో కలిశావని ఎవడైనా ఒక్క ఆకాశరామన్న ఉత్తరం పడేశాడనుకో, ఉద్యోగం గోవిందా. ఆడపిల్ల తండ్రివి, చూసుకో."

"అబ్బే, పిల్ల చదువు కోసం వెళ్తున్నానండీ," అన్నాడు చెన్నకేశవులు.

ఇప్పుడు ఫాదర్ ఆ పేరు కొట్టెయ్యలేదు. కలం మూసి జేబులో పెట్టుకుని దగ్గరగా వచ్చాడు.

"ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. మీకు కావాల్సింది సత్ప్రసాదం. అవునా?"

చెన్నకేశవులు కళ్ళు నిండాయి. "అవును ఫాదర్. దానికోసం ప్రాణం కొట్టుకుంటోంది."

"మరి ఆలస్యం దేనికి? ఈ ఈస్టరుకు తలుపులు మూసి, మూడో మనిషికి తెలియకుండా నేనే మీకు జ్ఞానస్నానం ఇస్తాను. మా బిడ్డ అయిపోతారు."

"వద్దు ఫాదర్."

"ఇంకా ఉద్యోగం భయమేనా?"

తల అడ్డంగా ఊపాడు. మోకరించి, ఫాదర్ చేతులు పట్టుకున్నాడు.

"జ్ఞానస్నానం రెండోసారి ఇవ్వకూడదు కదా, ఫాదర్."