దాచమన్న ముక్క

నేజా సంచి సర్దుతోంది.

ఉన్ని మేజోళ్ళు, టీ ఫ్లాస్కు, పోటీలో మోగించే చేతిగంట. అన్నిటికంటే పైన, గుడ్డలో చుట్టిన పొతిత్స. ఆక్రోటు పప్పు పెట్టి చుట్టి కాల్చిన ఆ తీపి రొట్టె లేకుండా ఆమె ఎక్కడికీ బయలుదేరదు.

సర్దింది. మళ్ళీ విప్పి చూసింది. ప్రయాణమంటే ఆమెకు గుండెదడ. గుమ్మం దాటినవాళ్ళందరూ తిరిగి రారని ఆమెకు తెలుసు. ఆమె భర్త అలాగే వెళ్ళాడు.

ఇవాళ మరీ దడ. మ్రాజ్నిక్ కొండ మీద స్కీ జంప్ పోటీ, మంచు వాలు మీద జారి గాలిలోకి దూకడం. మనవడు గాష్‌పెర్ పెద్దవాళ్ళ మధ్య దూకడం ఇదే మొదలు.

అభిమానుల బస్సు ఊరు దాటకముందే అకార్డియన్ మొదలైంది. వాయించేది పక్కింటి విన్‌కో.

మలుపు దగ్గర ఒక మనిషి చెయ్యెత్తి బస్సు ఆపాడు. కారు మంచులో మొరాయించిందట. ఎండుకొయ్యలా సన్నగా ఉన్నాడు. వచ్చి నేజా పక్కన, కిటికీ దగ్గర కూర్చున్నాడు.

విన్‌కో సారా గ్లాసు అందించాడు. "పుచ్చుకో అన్నా! మా బస్సెక్కినవాడు పొడి గొంతుతో దిగకూడదు."

"వద్దు తమ్ముడూ."

"పోనీ, సాసేజ్?"

"అదీ వద్దు."

"తాగడు, తినడు! ఒరేయ్, ఇతని కోటు విప్పి చూడండ్రా, లోపల అవతలి జట్టు ఆస్ట్రియా జెండా ఉంటుంది!"

బస్సంతా ఘొల్లుమంది. అతనూ నవ్వాడు.

"ఇంతకీ ఎవరి తరఫు నువ్వు?"

"అందరి తరఫూ. అందరూ రెండు కాళ్ళ మీద దిగితే నాకు చాలు."

"అయితే పోటీకెందుకయ్యా, చర్చికి పోవలసింది!"

నేజా ఇవేవీ వినడం లేదు. దారి పక్క ఇళ్ళ పొగగొట్టాల వంకే చూస్తోంది.

"పొగ నిలువుగానే లేస్తోంది పెద్దమ్మా," అన్నాడతను. "గాలి లేదు. ఇప్పటికి."

ఆమె ఉలిక్కిపడింది. "నా మనసులో మాట నీకెలా తెలిసింది?"

"నేనూ అదే చూస్తున్నాను."

ఆమెకు ఆ మనిషి నచ్చాడు.

"మా మనవడు దూకుతున్నాడు నాయనా. గాష్‌పెర్. కొత్తవాడు కదా, ఒకటో నంబరిచ్చారు. పోటీ మొదలయ్యేదే వాడితో."

అతను ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు.

నేజా పొతిత్స కోసి ముక్క చేతికిచ్చింది. "ఇది మాత్రం కాదనకు."

"ఇప్పుడొద్దు పెద్దమ్మా. తిరిగొచ్చేటప్పుడు తింటాను. నా ముక్క దాచండి."

నేజా ముఖం ముడుచుకుంది. ఆమె పొతిత్సను కాదన్న మనిషి ఇంతవరకు లేడు. మిగతా దారంతా అటు తిరిగి కూర్చుంది.

దిగేటప్పుడు అతను, "వస్తాను పెద్దమ్మా," అన్నాడు.

ఆమె అటే తిరిగి సంచి ముడి బిగించుకుంది.

మధ్యాహ్నానికి గాలి లేచింది. వాలు పక్కన కట్టిన జెండాలు ఒకసారి అటు, ఒకసారి ఇటు. పోటీ వెనక్కి జరిగింది, మళ్ళీ జరిగింది.

పోటీకి ముందు, వాలు ఎలా ఉందో గాలి ఎలా ఉందో చూడడానికి ఒకడు దూకుతాడు. వాడికి నంబరుండదు. పేరు మైకులో చదవరు, దూరం బోర్డు మీద వేయరు. హెల్మెట్టు, అద్దాల వెనక ముఖం ఎవరిదో ఎవరూ అడగరు.

అలాంటివాడు ఒకసారి దూకాడు. రెండోసారి దూకాడు. జనం ఈలలు వేశారు.

చివరికి మైకు అరిచింది: "మొదలుపెడుతున్నాం!"

వాలు పైన ఒకటో నంబరు వచ్చి, దూకేవాళ్ళు బయలుదేరే బల్ల మీద కూర్చుంది. నేజా గంట చేతిలోకి తీసుకుంది.

అంతలో ఆ ఒకటో నంబరు లేచి పక్కకు జరిగింది. బల్ల మీదికి మళ్ళీ ఆ నంబరు లేనివాడే!

"వీడి దుంప తెగ! వీడి సరదా తీరదా?" అన్నాడు విన్‌కో.

"పిల్లాడు పైన గడ్డకట్టుకుపోతున్నాడు!" అంది నేజా. చేతిగంట ఎత్తి, చేలో పడ్డ గొడ్డును తోలినట్టు ఆగకుండా మోగించింది. "తప్పుకో! తప్పుకో!"

అతను దూకాడు.

గాలిలో ఉండగానే ఒక స్కీ పైకి లేచింది. మనిషి తిరగబడ్డాడు.

గంట ఆమె చేతిలోనే మూగపోయింది.

హెలికాప్టర్ వచ్చింది, వెళ్ళింది. పోటీ రద్దు చేశారు.

"ఒకడు తక్కువ," అన్నాడు డ్రైవరు, బస్సు తియ్యబోతూ.

"ఆ తిండి తినని ఆస్ట్రియావాడా? ఏ కారో ఎక్కేసుంటాడు. పోనియ్," అన్నాడు విన్‌కో.

"ఆగు," అంది నేజా. కోపం వచ్చినా ముక్క పారేయలేదు. కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. "వస్తానన్నాడు."

వచ్చింది గాష్‌పెర్. మెట్టు మీదే నిలబడిపోయాడు. ముఖంలో రక్తం లేదు.

"నేను దూకాల్సింది నానమ్మా. జడ్జీలు సరేనన్నారు. ఆయనే ఒప్పుకోలేదు. 'గాలి నాకు నచ్చలేదు, ఇంకొక్కసారి చూసొస్తా' అని వాళ్ళతో వాదించి, నన్ను లేపాడు."

"ఎవర్రా ఆయన?"

"నీకు తెలుసట కదా?"

"నాకా?"

"'మీ నానమ్మ దగ్గర నా పొతిత్స ముక్క ఉంది, నువ్వు తినేసేవు' అని నవ్వాడు. నవ్వి, దూకాడు."

విన్‌కో టోపీ తీశాడు. నేజా ఒళ్ళోని పొట్లం వంక చూసింది, పక్కనున్న ఖాళీ సీటు వంక చూసింది.

పోటీ ఉన్న ప్రతిసారీ అందరికంటే ముందు దూకి గాలిని చూసి చెప్పే యెర్నేయ్ కోబల్, మార్చి నెలలో ఆ ఆదివారం మధ్యాహ్నం మ్రాజ్నిక్ కొండ ఎక్కి, తిరిగి రాలేదు.